పిల్లుల దీవిలో ఒంటి గది

మా ఇంట్లో నా పేరు ఎవరికీ గుర్తులేదు. అవసరం పడలేదు కనక. "అమ్మా" అంటే నేను, "అత్తయ్యా" అంటే నేను, "నానమ్మా" అంటే నేను, "ఏమోయ్" అన్నా నేనే. ఏ పిలుపు వెనకాలైనా వచ్చే మాట ఒకటే, ఎక్కడ అని. తువ్వాలు ఎక్కడ, తాళం ఎక్కడ, ఉప్పు ఎక్కడ, ఇందాక నా చేతిలో ఉన్నది ఎక్కడ. ఆ చేతిలో ఉన్నదేమిటో వాళ్ళకి తెలియదు. నాకు తెలిసి ఉండాలి.

పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూసుకునేదాన్ని. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు వెళ్ళాయి, ఏ దిండు గలీబు లాండ్రీలో ఉంది, ఏ డాక్టరు కోటు ఏ కొక్కేనికి వేలాడుతోంది, అన్నీ నన్నే అడిగేవాళ్ళు. అడిగినందుకు జీతం ఇచ్చేవాళ్ళు కనక ఒళ్ళు మండేది కాదు. పోయిన ఏడాది రిటైరయ్యాను. ఒక కేకు కోసి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించేశారు. మర్నాటినుంచి మా ఇంట్లోవాళ్ళు, అమ్మ ఇప్పుడు ఖాళీయే కదా అని, తమకున్న కాస్త జ్ఞాపకశక్తిని కూడా నాకే అప్పజెప్పేశారు.

మా ఆయనకి గడియారాలు బాగుచేసే కొట్టు ఉంది. ఆవగింజంత స్క్రూ నేలమీద పడితే చేత్తో తడిమి పట్టుకుంటారు. తన చెప్పులు మాత్రం కాళ్ళ కింద ఉన్నా కనపడవు. అబ్బాయిది లారీల కంపెనీలో ఉద్యోగం. ఏ లారీ ఏ రోడ్డున పోవాలో, ఏ వంతెన దగ్గర తిరగాలో ఫోన్లో వాడే చెబుతాడు. అంత పెద్ద లారీలు వాడి మాట విని నడుస్తాయి, వాడికి మాత్రం వంటింట్లో పంచదార డబ్బా దాకా దారి తెలియదు. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. రోజంతా నోరు తెరవండి, నోరు తెరవండి అని ఊళ్ళోవాళ్ళకి చెప్పి వస్తుంది, ఇంట్లో తను నోరు తెరవదు. నాకూ మావాడికీ మాటా మాటా పెరిగినప్పుడు గోడమీద పిల్లిలా ఇద్దర్నీ చూస్తూ కూర్చుంటుంది. ఇక మనవరాలు. ఆరేళ్ళది. ఓసారి దాని ఏడుపు విని పక్కింటివాళ్ళు అంబులెన్సు వచ్చిందనుకుని కిటికీలోంచి తొంగి చూశారు. అప్పటినుంచి దాన్ని సైరను అంటాం.

ఇంత పెద్ద ఇంట్లో నాకు కాస్త ఊపిరాడే చోటు స్నానాలగది ఒక్కటే. అక్కడికీ వచ్చేది సైరను.

"నానమ్మా, లోపలున్నావా?"

"లేను."

"మరి నా పెన్సిలు ఎక్కడ?"

ఇలా ఉండగా, ఆసుపత్రిలో నాతో పనిచేసిన నర్సు ఒకావిడ పిల్లుల దీవికి వెళ్ళొచ్చి నాకు ఓ సంగతి చెప్పింది. మా రేవునుంచి లాంచీలో వెళ్తే వస్తుందా దీవి. ఒకప్పుడు అక్కడ చేపలు ఎండబెట్టే షెడ్లుండేవి, జనం ఉండేవాళ్ళు. ఎలుకల కోసమని పిల్లుల్ని పెంచారు. పని పోయింది, జనం పోయారు, ఎలుకలూ పోయాయి. పిల్లులు మాత్రం పోలేదు, పెరిగాయి. ఇప్పుడు వాటిని చూడటానికి పొద్దున లాంచీలో జనం వెళ్ళి సాయంత్రం లాంచీలో వచ్చేస్తుంటారు. వాటికి తిండి పెట్టే పెద్దావిడ ఒకరే అక్కడ ఉంటారు. ఆవిడకి ఒక తోడు కావాలిట. నెలలో పదిహేను రోజులు అక్కడుండాలి, మిగతా పదిహేను రోజులు ఇంటికి రావచ్చు. ఉండటానికి ఒంటి గది ఇస్తారు.

"గదికి తలుపుందా?" అని అడిగాను.

"ఉంది. లోపల గడియ కూడా ఉంది" అంది నర్సు.

నా ప్రాణం లేచొచ్చింది. ఆ ఉద్యోగం నాక్కావాలి. జీవితంలో దేన్నీ ఇంత గట్టిగా కోరుకోలేదు, పెళ్ళితో సహా.

మర్నాడే ఆవిడకి ఫోన్ చేశాను. అందరూ ఆవిడని పిల్లులావిడ అంటారు, నేనూ అలాగే అంటాను. ఆవిడది నాకంటే పెద్ద నోరు.

"పని చేతనవుతుందా అని నేనడగను. మీ గొంతులోనే తెలుస్తోంది. మీ ఇంట్లోవాళ్ళు మిమ్మల్ని ఉండనిస్తారా?"

"ఎందుకుండనివ్వరు?"

"మీకు ముందు ముగ్గురొచ్చారు. ఒకావిడ మొగుడు గ్యాసు వెలిగించడం రావట్లేదని లాంచీ ఎక్కి వచ్చేశాడు. ఇంకొకావిడ కొడుకు ఇస్త్రీ చెయ్యాల్సిన చొక్కాలు మూటకట్టి తెచ్చాడు. మూడో ఆవిడ, ఇంటినుంచి ఎవరూ ఫోన్ చెయ్యట్లేదేమిటా అని బెంగపెట్టుకుని తనే వెళ్ళిపోయింది. నా పిల్లులకి మనుషులు మారితే పడదు. తిండి మానేస్తాయి. అందుకని ఈసారి ముందే చూసుకుంటాను. మీవాళ్ళందర్నీ తీసుకుని ఒకరోజు ఇక్కడికి రండి. దిగినప్పటినుంచి సాయంత్రం లాంచీ దాకా వాళ్ళు మిమ్మల్ని పిలవకుండా గడిపితే గది మీది. ఒకటీ అరా అయితే చూసీచూడనట్టు పోతాను. కానీ సంగతి వాళ్ళకి ముందే చెప్పకూడదు. చెబితే నటిస్తారు. ఒక్కరోజు ఎవరైనా నటించగలరు."

ఫోన్ పెట్టేశాక తల పట్టుకు కూర్చున్నాను. మావాళ్ళు నన్ను పిలవకుండా ఒక పూట గడపడమంటే, సైరను ఏడవకుండా గోళ్ళు కత్తిరించుకోవడం లాంటిది. అయినా నేనూ తక్కువ తినలేదు. అసలు వాళ్ళకి అడగాల్సిన అవసరమే రాకుండా చేస్తే సరి అనుకున్నాను. ఆసుపత్రి గుడ్డతో తలా ఒక సంచి కుట్టాను. ఎవరి సంచి మీద వాళ్ళ పిలుపు, దుప్పట్ల మీద వేసే చెరగని సిరాతో రాశాను. ప్రతి సంచిలోనూ నీళ్ళ సీసా, టోపీ, తువ్వాలు, తలనొప్పి మాత్ర, చేతులు తుడుచుకునే గుడ్డ. మా అబ్బాయికి వేపిన చేప లేకపోతే ముద్ద దిగదు. పిల్లుల దీవికి చేపలేమిటి అని నాకూ తెలుసు. కానీ తేకపోతే "అమ్మా, చేప ఎక్కడ?" అని దీవి అదిరేలా అరుస్తాడు. అందుకని ఒక డబ్బా నిండా చేపలు వేపాను. రొట్టె, ఉడికించిన గుడ్లు, బిస్కెట్లు కూడా సర్దాను. నా వాటా అంటూ విడిగా ఏమీ సర్దుకోలేదు. ఇంట్లో కూడా అందరూ తిన్నాక మిగిలింది తినడమే నాకు అలవాటు.

ఆదివారం లాంచీ ఎక్కాం. దారి పొడుగునా "అమ్మా, టికెట్లు ఎక్కడ?", "ఏమోయ్, నా కళ్ళజోడు?", "నానమ్మా, నా బొమ్మ?" అని సరిపోయింది. నేను విసుక్కోకుండా జవాబులు చెప్పాను. ఇంకా దీవి రాలేదు కదా, ఉన్నవన్నీ ఇక్కడే కక్కేయమని లోలోపల దండం పెట్టుకున్నాను.

దీవి వచ్చింది. రేవు మెట్ల మీద మెట్టుకో పిల్లి. బోర్లించిన పడవల మీద, రేకు కప్పుల మీద, చుట్టిపెట్టిన వలల మీద, ఎక్కడ చూసినా పిల్లులే. ఎర్రవి, నల్లవి, చారలవి, చెవి తెగినవి, ఒంటికన్నువి. మేం దిగుతున్నా ఒక్కటీ లేచి నిలబడలేదు. ఒక్కటీ నన్నేమీ అడగలేదు. హమ్మయ్య అనిపించింది.

"నాకు మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. నేనా వసారాలో కూర్చుంటాను, మీరు తిరిగి రండి. ఏం కావాలన్నా మీ మీ సంచుల్లో ఉంది" అన్నాను.

"నువ్వు రావా?" అన్నాడు మా అబ్బాయి. బ్రేకు పడని లారీని చూసినట్టు చూశాడు.

"రాను."

నలుగురూ చేతికందిన సంచి తీసుకుని బయల్దేరారు. నేను వసారా ఎక్కాను. పిల్లులావిడ బల్లమీద కూర్చుని ఒక పిల్లి చెవులు తుడుస్తోంది. మనిషి ఎండుకట్టెలా ఉంది, చూపు మాత్రం సూదిలా ఉంది.

"వాళ్ళేనా?" అంది.

"వాళ్ళే."

"చూద్దాం" అంది.

చూశాను. చూస్తే ఏముంది, మా ఆయన భుజాన 'సైరను' అని రాసిన సంచి ఉంది. సైరను వీపున 'ఏమండీ' అని రాసిన సంచి ఉంది. అబ్బాయి సంచి కోడలి దగ్గర, కోడలిది అబ్బాయి దగ్గర. అంత పెద్ద అక్షరాలు రాస్తే, దిద్దితే, ఎండబెడితే, ఒక్కరూ చదవలేదు. నా కాళ్ళు వాటంతటవే మెట్లు దిగాయి.

"ఏమండీ, అది పిల్లదాని సంచి."

"అలాగా. ఇందులో టోపీ నాకు పట్టట్లేదేమిటా అనుకుంటున్నాను" అన్నారు మా ఆయన.

సంచులు మార్చి వచ్చాను. "వాళ్ళు పిలవలేదు. నేనే వెళ్ళాను. ఇది లెక్కలోకి రాదు" అన్నాను పిల్లులావిడతో.

"ఊఁ" అందావిడ.

కాసేపటికి సైరను ఒక ఎర్ర గండుపిల్లి ముందు గొంతుక్కూర్చుంది. పిల్లదాని జోడు బకిలు ఊడిపోయి ఉంది. కోడలు పక్కనే ఉంది, చూడట్లేదు. ఎలా చూడదు? వెళ్ళి బకిలు పెట్టి వచ్చాను. తర్వాత మా అబ్బాయి చేపల డబ్బా మూత తీసి వాసన చూసి, మూత సరిగ్గా పెట్టకుండా సంచిలో పడేశాడు. వెళ్ళి మూత నొక్కి వచ్చాను. మా ఆయన ఎండలో టోపీ చేత్తో పట్టుకుని నడుస్తున్నారు. వెళ్ళి నెత్తిన పెట్టి వచ్చాను. ప్రతిసారీ తిరిగొచ్చి "పిలవలేదు, చూశారుగా" అన్నాను. ప్రతిసారీ ఆవిడ "ఊఁ" అంది. నాకు లోపల చక్కిలిగిలిగా ఉంది. నిజంగానే ఒక్కరు కూడా పిలవలేదు. నేను వెళ్తే తప్ప నా వంక చూడను కూడా చూడట్లేదు.

"మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది పిల్లులావిడ.

"ఏ మోకాళ్ళు?" అన్నాను ఆయాసపడుతూ.

అప్పుడావిడ లేచి గది చూపించింది. వసారా చివర ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి మూడు మేకులు, సముద్రం వైపు కిటికీ. తలుపు మూసి గడియ పెట్టి చూసుకోమని ఆవిడ బయటికి వెళ్ళింది. గడియ పెట్టాను. టక్కుమని పడింది. మంచమ్మీద కూర్చున్నాను. ఒక్క చప్పుడు లేదు, అలలు తప్ప. చెవులు గింగురుమన్నాయి. ఇది నాది, నెలలో సగం రోజులు ఇది నాది అనుకుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అలా హాయిగా ఒక్క నిమిషం కూర్చున్నానో లేదో, లేచి కిటికీ దగ్గరికెళ్ళి మావాళ్ళేం చేస్తున్నారా అని మెడ సాచి చూశాను.

చేస్తున్నదేమిటంటే, పిల్లులకి తిండిపెట్టే షెడ్డు ముందు అరుగు మీద డబ్బాలన్నీ మూతలు తీసి పరిచారు. మా ఆయన మాత్రం అక్కడ లేరు. రెండు చెక్కపెట్టెలు ఒకదానిమీద ఒకటి పెట్టి, వాటిమీద నిలబడి, షెడ్డు గోడకున్న పాత గడియారంలో తల దూర్చారు. ఆగిపోయిన గడియారం కనపడితే ఆయన కాళ్ళు ముందుకు సాగవు. ఎవరిదైనా సరే, ఏ ఊళ్ళోదైనా సరే. ఓసారి ఎవరింటికో చావు పలకరింపుకి వెళ్ళి వాళ్ళ గోడగడియారం బాగుచేసి వచ్చారు.

"ఆ గడియారం జోలికి వెళ్తున్నారేమిటి?" అంది పిల్లులావిడ బయటినుంచి. గొంతులో కంగారు. నేను గడియ తీసి బయటికొచ్చాను.

"ఏం, అది మోగితే ఏమవుతుంది?"

"నేనొచ్చిన కొత్తలో అది పన్నెండు కొడితే తిండి పెట్టేదాన్ని. అది ఆగిపోయాక సాయంత్రం పళ్ళెం మోగించి పెడుతున్నాను. ముసలి పిల్లులకి ఇంకా..."

ఆవిడ మాట పూర్తికాలేదు. గడియారం మోగింది. మా ఆయన చెయ్యి పడితే మోగకపోవడమా? ఖంగుమని మొదటి దెబ్బ పడగానే వలల మీద పడుకున్న ఒంటికన్ను ముసలిది లేచి ఒళ్ళు విరుచుకుంది. రెండో దెబ్బకి రేకు కప్పుల మీదవి లేచాయి. ముసలివి పరుగెత్తడం చూసి పడుచువి పరుగెత్తాయి, వాటిని చూసి పిల్లపిల్లులు పరుగెత్తాయి. పన్నెండో దెబ్బ పడేసరికి దీవిలో ఉన్న పిల్లులన్నీ మావాళ్ళ చేపల డబ్బా చుట్టూ ఉన్నాయి. అంతటితో ఆగినా బాగుండేది. గడియారం మళ్ళీ మొదటినుంచి కొట్టడం మొదలెట్టింది.

ఇక "అమ్మా" అని అరుస్తారు, నా కొంప మునిగింది అనుకున్నాను. గట్టిగా కళ్ళు మూసుకున్నాను. అరవలేదు. ఒక కన్ను తెరిచి చూశాను.

మా అబ్బాయి అరుగెక్కి రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. "ఎర్రవన్నీ ఎడమకి. నల్లవి ఆగండి, మీకు దారి లేదు. ఒరేయ్ చారలోడా, వెనక్కి తిప్పు" అని లారీలకి చెప్పినట్టే చెబుతూ చేపముక్కలు అటొకటి ఇటొకటి విసురుతున్నాడు. పిల్లులు నిజంగానే రెండు పాయలుగా చీలాయి. కోడలు కిందకూర్చుని ఒక పిల్లి గొంతులో ఇరుక్కున్న ముల్లు తీస్తోంది. "నోరు తెరు. ఆఁ అను. ఏమీ కాదు" అంటోంది. అది ఆఁ అంది. సైరను పడవ మీదికెక్కి ఏడుపు లంకించుకుంది. దాని గొంతు లేచినప్పుడల్లా పిల్లులన్నీ ఠక్కున ఆగి చెవులు వెనక్కి వాలుస్తున్నాయి. "భలే తల్లీ, ఆపకు, ఇంకోసారి ఏడు" అంటున్నాడు దాని తండ్రి. జన్మలో మొదటిసారి ఏడుపుకి మెచ్చుకోలు దొరికిందేమో, అది ఏడుపు మధ్యలో నవ్వుతోంది. పెట్టెల మీద మా ఆయన, "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అంటూ గడియారం నోరు మూయించడానికి కుస్తీ పడుతున్నారు.

వాళ్ళు బాగానే ఉన్నారు. మళ్ళీ చెబుతున్నాను, బాగానే ఉన్నారు. నేనే ఉండలేకపోయాను.

వసారాలో ఉన్న చీపురు పట్టుకుని దూకాను. "అటు కాదురా, ఇటు. ఆ డబ్బా మూసెయ్యి. పిల్లని దింపండి. ఏమండీ, ముందు మీరు దిగండి" అని గొంతు చించుకుంటూ పిల్లుల మధ్యలోకి వెళ్ళాను. ఎవరి తోకో తొక్కాను. అది కెవ్వుమంది, నేనూ కెవ్వుమన్నాను, కాలు జారి సాయంత్రానికని ఉంచిన పచ్చిచేపల తొట్టిలో కూలబడ్డాను. అంతే. పాయలుగా చీలిన పిల్లులన్నీ ఏకమై నా మీదికొచ్చాయి.

మా అబ్బాయి చంకల కింద చేతులేసి నన్ను పైకి లాగాడు. "నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నాడు. "మేం చూసుకుంటున్నాం కదా."

పిల్లుల్ని విదిలించుకుని పంపు వైపు నడిచాను.

పంపు దగ్గర చేప పొలుసులు కడుక్కుని వచ్చేసరికి గడియారం ఊరుకుంది. మావాళ్ళు మిగిలిన గుడ్లూ రొట్టే తినేసి, నవ్వుకుంటూ బిస్కెట్లు పంచుకుంటున్నారు. నేను తడిబట్టలతో వసారా ఎక్కాను.

"విన్నారు కదా. అంత గోలలో కూడా ఒక్కరూ పిలవలేదు" అన్నాను.

"విన్నాను. ఒక్కరు కూడా పిలవలేదు."

"అయితే గది నాదే."

"కాదు" అంది పిల్లులావిడ.

అరికాలి మంట నెత్తికెక్కింది. "అదేమిటి? మాటంటే మాటే కదా. వాళ్ళు పిలవకపోతే ఇస్తానన్నారు, వాళ్ళు పిలవలేదు."

"వాళ్ళు పిలవలేదమ్మా. మీరే వెళ్ళారు. పొద్దుట్నుంచి ఈ మెట్లు అరిగిపోయేలా తిరిగారు. ఇంటికెళ్ళిపోయిన మూడో ఆవిడ గురించి చెప్పాను చూడండి, ఆవిడకి వారం పట్టింది. మీరు ఒక్కపూట ఆగలేకపోయారు. రేపు మిమ్మల్ని ఆ గదిలో ఉంచితే కిటికీలోంచి సముద్రం చూస్తారా, అటుపక్క మీ ఇల్లు చూస్తారా?"

ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను పీక్కు తింటున్నారని ఊరంతా చెప్పుకున్నాను. నర్సుకి చెప్పాను, ఆఖరికి కూరగాయల కొట్టువాడికీ చెప్పాను. ఇప్పుడు ఒక్కపూట వాళ్ళు పిలవకపోతే నా ప్రాణం ఉసూరుమంది. మావాడు "మేం చూసుకుంటున్నాం కదా" అన్నప్పుడు సంతోషం వెయ్యాలి కదా. వెయ్యలేదు. ఉక్రోషం వచ్చింది. ఆ మాట ఎవరితోనూ చెప్పను కానీ, వచ్చింది.

"ఇంకొక్క అవకాశం ఇవ్వండి" అన్నాను. బతిమాలడం నాకు చేతకాదు. బెదిరించినట్టే వచ్చింది.

ఆవిడ చేతిలోని పిల్లిని కిందికి దింపింది. "సాయంత్రం లాంచీకి వాళ్ళని పంపించేయండి. ఉంటున్నానని ఒక్క ముక్క చెప్పండి. ఆ తర్వాత లాంచీ రేవు గోడ దాటేదాకా ఈ బల్లమీదనుంచి లేవకూడదు, వాళ్ళకి ఏదీ అందించకూడదు, చెప్పకూడదు. అలా ఉండగలిగితే గది ఈ పూటనుంచే మీది."

మావాళ్ళని పిలిచి చెప్పాను. పదిహేను రోజులు ఇక్కడే ఉంటాను, నెలనెలా ఇంతే, ఇది నాకు కావాలి అన్నాను. ఆ ఆఖరి మాట ఇంట్లో నేనెప్పుడూ వాడిన మాట కాదు మరి.

"మరి ఇంట్లో ఏది ఎక్కడుందో..." అన్నాడు అబ్బాయి.

"వెతుకుదాం" అంది కోడలు. అందరం దాని వంక చూశాం. "అత్తయ్యా, మీరు ఉండండి. ఇల్లేమీ మునిగిపోదు. మునిగినా పదిహేను రోజుల్లో పూర్తిగా మునగదు."

"పిల్లులు నిన్ను ఏమని పిలుస్తాయి?" అని అడిగింది సైరను.

"పిలవవు."

"పిలవకపోతే వాటికేం కావాలో నీకెలా తెలుస్తుంది?" అంది అది. చిన్నపిల్ల మాటకి పిల్లులావిడ మొదటిసారి నవ్వింది, నన్ను చూసి.

మా ఆయన గది గుమ్మం దాకా వెళ్ళి లోపలికి తొంగి చూసి వచ్చారు. "ఇందులో గడియారం లేదే" అన్నారు. లేదన్నాను. "మంచిది" అన్నారు.

సాయంత్రం లాంచీ వచ్చింది. నేను బల్లమీద కూర్చున్నాను. పక్కన పిల్లులావిడ. మావాళ్ళు రేవు మెట్లు దిగుతున్నారు. దిగుతూ మా అబ్బాయి పక్కనున్న చెత్త మోసే పడవ వైపు ధీమాగా నడిచాడు. మాట నా నాలుక కొస దాకా వచ్చింది. కోడలు వాడి చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. సైరను చంకలో ఏదో కదులుతోంది, ఫ్రాకు కింద. పిల్లపిల్లి అని నాకు తెలుస్తూనే ఉంది. పెదవి కొరుక్కున్నాను. లాంచీ మనిషి చూసి, దాన్ని తీసి మెట్టుమీద పెట్టాడు. ఏడుపు మొదలైంది. దాన్ని ఎలా ఊరుకోబెట్టాలో నాకొక్కదానికే తెలుసు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాను.

మా ఆయన గొడుగు రేవు పిట్టగోడ మీద పెట్టి, అక్కడే మర్చిపోయి, ఖాళీ చేతులతో లాంచీ ఎక్కారు. నా కళ్ళముందే. అటు మబ్బు పట్టి ఉంది. ఒక నల్లపిల్లి వచ్చి తాపీగా ఆ గొడుగు మీద పడుకుంది.

తాడు విప్పారు. లాంచీ కదిలింది. మా ఆయన లాంచీ కమ్మీ పట్టుకుని నిలబడి, ఒళ్ళంతా ఓసారి తడుముకుని, ఒడ్డుకేసి చూశారు. నోరు తెరిచారు. అయిపోయింది, గొడుగు ఎక్కడ అంటారు. అడిగితే నేను ఆగలేను, ఆ సంగతి నాకూ తెలుసు, పక్కనున్న ఈవిడకీ తెలుసు. లాంచీ ఇంకా గోడ దాటలేదు.

ఆయన నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచారు.

"ఏమోయ్, నువ్వు తిన్నావా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఎన్ని ప్రశ్నలు అడిగి ఉంటారో దేవుడికే తెలియాలి. ఈ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. అడగక అడగక, నేను నోరెత్తకూడని వేళ చూసి అడిగారు. ఈ గుప్పెడు నీళ్ళ అవతల నిలబడి అడిగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, వెంటనే ఒళ్ళు మండిపోయింది కూడా.

లేచి బల్ల ఎక్కాను.

"లేదండీ" అని అరిచాను. "తినలేదు. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. ఒక్కరూ నాకు గుడ్డుముక్కన్నా ఉంచలేదు."

లాంచీలో జనమంతా మా ఆయన వంక చూశారు. ఆయన తల గోక్కున్నారు. "మరి తిను" అని అరిచారు. లాంచీ గోడ దాటి మలుపు తిరిగింది. సైరను ఏడుపు ఇంకాసేపు వినపడింది, తర్వాత అదీ వినపడలేదు.

నేను బల్లమీదే నిలబడి ఉన్నాను. కిందికి చూస్తే పిల్లులావిడ నన్నే చూస్తోంది.

"ఏమంటారో అనండి" అన్నాను. "నోరెత్తాను, లేచాను, బల్ల కూడా ఎక్కాను. కానీ ఒక్క మాట. ఆయన అడిగింది ఇంటి సంగతి కాదు, నా కడుపు సంగతి. దానికి నేను కాకపోతే ఎవరు జవాబు చెబుతారు? ఆ మాత్రానికి గది ఇవ్వనంటే అక్కర్లేదు, ఈదుకుంటూ పోతాను."

"నేనేమన్నా అన్నానా?" అంది పిల్లులావిడ. మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "లోపల రొట్టెలున్నాయి. సూపుంది, వెచ్చబెడతాను. ఇక్కడ ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలి, అది ముందే చెబుతున్నాను."

"కడుక్కుంటాను. ముందు తిననివ్వండి" అన్నాను.

బల్ల దిగి ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళాను. కూర్చుని, వేడివేడిగా, ఎవరికి ఎంత మిగలాలని చూసుకోకుండా కడుపునిండా తిన్నాను.